మహోమ్స్ రాకముందు సంగతేంటి?
"మహోమ్స్ లేకపోతే ఆండీ రీడ్ మామూలు కోచే" అని అమెరికన్ ఫుట్‌బాల్ గురించి, స్టార్ ఆటగాడు మహోమ్స్‌ని చూపించి అనే మాట నాకు మింగుడుపడలేదు. 2012లో రెండే గెలిచి పద్నాలుగు ఓడి (2-14) అట్టడుగున పడున్న కాన్సస్ సిటీ చీఫ్స్ జట్టుని రీడ్ మరుసటి ఏడాదే 11-5కి లాక్కొచ్చాడు, అప్పుడు క్వార్టర్‌బ్యాక్ (జట్టు దాడిని నడిపించే ఆటగాడు) మహోమ్స్ కాదు, అలెక్స్ స్మిత్. 2017లో డ్రాఫ్ట్ (కొత్త ఆటగాళ్ల ఎంపిక) చేసిన మహోమ్స్‌నీ తొందరపడి దింపలేదు, చివరి మ్యాచ్ దాకా బెంచి మీదే కూర్చోబెట్టాడు. కాకపోతే మిగిలిన సమయం చూసుకుని ఆడించే గడియారం లెక్కే ఆయనకి కొరుకుడుపడేది కాదు, అది ఒప్పుకోవాల్సిందే. 2005 సూపర్ బౌల్లో (లీగ్ ఫైనల్లో) అప్పట్లో ఆయన కోచ్‌గా ఉన్న ఫిలడెల్ఫియా ఈగల్స్ పది పాయింట్లు వెనకబడి, ఆరు నిమిషాలు కూడా లేనప్పుడు, ప్రతిసారీ హడిల్ కట్టుకుంటూ (గుమిగూడి మాట్లాడుకుంటూ) తాపీగా ఆడి 24-21తో ఓడింది. ఫిలడెల్ఫియాలో మా ఆఫీసువాళ్లు దానికి ఇప్పటికీ తిడతారు. 2023 సూపర్ బౌల్లో అదే రీడ్ నడిపిన చీఫ్స్ చేతిలో ఈగల్స్ 38-35తో ఓడిన మర్నాడు మాత్రం ఒక్కరూ నోరెత్తలేదు.