21 సెకన్ల సంసారం

(మదనపల్లెలో డిసెంబరు నెల ఉదయం, ఆరున్నర గంటల సమయం. డిగ్రీ కళాశాలలో గణితం బోధించి పదవీ విరమణ చేసిన విశ్వనాథం గారు స్నానాల గదిలో షవరు కింద నిలబడి ఉన్నారు. గ్యాస్ గీజరును గదిలోపల బిగిస్తే దాని మంట నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ మనిషి ప్రాణం తీయగలదన్న భయంతో, ఆ భయం న్యాయమైనదే, ఆయన దానిని వంటింటి వెనుక వరండాలో పెట్టించారు. అందువల్ల వేడిని పెంచే నాబ్ అన్నపూర్ణమ్మ గారి చేతికి అందుతుంది; ఆ వేడిని అనుభవించవలసిన వీపు మాత్రం 12 మీటర్ల గొట్టానికి అవతలి కొసన ఉంటుంది.)

అన్నపూర్ణ: ఏమండీ, సిలిండర్ బుక్ చేశారా?

విశ్వనాథం: అది తరువాత చూద్దాం, ముందు వేడి పెంచు. ఈ నీళ్ళు హార్సిలీ హిల్స్ మీద రాత్రంతా ఆరబెట్టి పంపినట్టున్నాయి.

అన్నపూర్ణ: పెంచుతున్నాను.

విశ్వనాథం: ఇంకా పెంచు. పెంచమని చెబితే పెంచాలి కానీ, అక్కడ నిలబడి ముగ్గు వైపు చూడకూడదు.

అన్నపూర్ణ: నాబ్ తిప్పుతూనే ఉన్నాను. ఇంతకంటే తిప్పితే చేతికి ఊడివస్తుంది.

విశ్వనాథం: అబ్బా! కాలింది! వీపు మీద తోలు మిగిలిందో లేదో చూసి చెప్పేవాళ్ళు కూడా లేరు. తగ్గించు, వెంటనే తగ్గించు!

అన్నపూర్ణ: తగ్గించాను.

విశ్వనాథం: తగ్గించలేదు. ఇంకా కాలుతూనే ఉంది. నీ మాటకూ ఈ నీళ్ళకూ పొంతన లేదు.

అన్నపూర్ణ: ముప్పై ఎనిమిదేళ్ళుగా నా మాటకు ఏ పొంతన ఉందని ఈరోజు కొత్తగా వెతుకుతున్నారు? పూర్తిగా తగ్గించాను, మంట కనిపించడం లేదు.

విశ్వనాథం: (పళ్ళు టకటకమంటుండగా) ఇప్పుడు గడ్డకట్టుకుపోతున్నాను. పెంచు!

అన్నపూర్ణ: ఇప్పటికి నాలుగుసార్లు పెంచమన్నారు, నాలుగుసార్లు తగ్గించమన్నారు. పోపు మాడకుండా గోడ గడియారం చూస్తూ నిలబడ్డాను కనుక చెబుతున్నాను, మీరు సుమారు నిమిషంన్నరకు ఒకసారి తప్పకుండా "కాలింది" అంటున్నారు. గుడి గంటకు కూడా ఇంత క్రమం ఉండదు.

(లోపల కేకలు ఆగిపోయాయి. నీళ్ళ శబ్దం మాత్రం వినిపిస్తోంది. ఆ నిశ్శబ్దాన్ని అన్నపూర్ణమ్మ గారు పశ్చాత్తాపం అనుకున్నారు. అది గణితం.)

విశ్వనాథం: నిమిషంన్నర అన్నావా, 84 సెకన్లు అన్నావా?

అన్నపూర్ణ: నేను వంట చేస్తున్నాను, పరుగుపందెం నిర్వహించడం లేదు. అంతే ఉండవచ్చు.

విశ్వనాథం: అయితే దొరికింది. అన్నపూర్ణా, తప్పు నీదీ కాదు, నాదీ కాదు, గొట్టానిది. లోపలి వ్యాసం 15 మిల్లీమీటర్లు, పొడవు 12 మీటర్లు కనుక ఈ గొట్టంలో రెండు లీటర్ల పైచిలుకు నీళ్ళు నిలిచి ఉంటాయి. షవరు నుంచి నిమిషానికి 6 లీటర్లు వస్తున్నాయి. అంటే నువ్వు నాబ్ తిప్పిన ఫలితం నా వీపును చేరడానికి 21 సెకన్లు పడుతుంది. ఆ 21ని నాలుగుతో హెచ్చవేస్తే 84.

అన్నపూర్ణ: నాలుగుతోనే ఎందుకు హెచ్చవేయాలి? మీకు కావలసిన జవాబు రావడానికా?

విశ్వనాథం: కాదు. నాకు చలిగా ఉందని నేను ఇప్పుడు అరుస్తున్నాను, కానీ నా మీద పడుతున్నవి 21 సెకన్ల కిందట నువ్వు కాచిన నీళ్ళు. నీళ్ళు సరిగ్గా 40 డిగ్రీలకు చేరిన క్షణంలో నేను "చాలు" అంటాను, అప్పటికే గొట్టం నిండా 40 దాటిన నీళ్ళు వరుసలో నిలబడి ఉంటాయి. కనుక శిఖరం ఒక ఆలస్యకాలం తరువాత వస్తుంది, అక్కడి నుంచి దిగి మళ్ళీ 40కి రావడానికి మరో ఆలస్యకాలం పడుతుంది. అదే కథ చలి వైపు ఇంకో రెండు ఆలస్యాలు నడుస్తుంది. మొత్తం నాలుగు.

అన్నపూర్ణ: ఇంత తెలిసినవారు "చాలు" అనే మాటను కొంచెం ముందే అనవచ్చు కదా?

విశ్వనాథం: చలిలో ఉన్నవాడు "చాలు" అని ముందే ఎలా అంటాడు? అది యోగులకు సాధ్యం.

అన్నపూర్ణ: ఆలస్యం అమృతం విషం అని పెద్దలు ఊరికే అనలేదు.

విశ్వనాథం: పెద్దలు విషమన్నారు కానీ మోతాదు చెప్పలేదు. గణితం మోతాదు చెబుతుంది. ఒక డిగ్రీ తేడా ఉన్నప్పుడు సెకనుకు ఎన్ని డిగ్రీల చొప్పున సరిదిద్దుతున్నావో, ఆ సంఖ్యను ఆలస్యంతో గుణించు. వచ్చిన లబ్ధం 0.37 కంటే తక్కువైతే నీళ్ళు అటూ ఇటూ ఊగకుండా నేరుగా 40కి చేరి కూర్చుంటాయి. అది దాటి 1.57 లోపల ఉంటే కొన్నిసార్లు ఊగి, క్రమంగా సర్దుకుంటాయి. 1.57 అంటే పై అనే 3.14లో సగం. అది దాటిందా, ఊపు ఇక చావదు.

అన్నపూర్ణ: అర్థమయ్యేలా చెప్పండి. ఇప్పుడు మీకు 10 డిగ్రీల చలి ఉంది. నేను ఎంత వేగంగా తిప్పాలి?

విశ్వనాథం: సెకనుకు ముప్పావు డిగ్రీ దాటకూడదు. అసలు ఊగిసలాటే వద్దనుకుంటే అందులో నాలుగో వంతు కూడా తిప్పకూడదు.

అన్నపూర్ణ: మీరు అరిచే అరుపుకు నేను అంత మెల్లగా తిప్పితే, పెళ్ళాం మాట వినడం లేదని వీధంతా చెబుతారు. మెల్లగా తిప్పాలన్న సూత్రం చెప్పేవారు మెల్లగా అడగడం కూడా నేర్చుకోవాలి.

విశ్వనాథం: (వినిపించుకోకుండా) ఇలా స్థిరంగా ఉన్నది ఒక హద్దు దాటగానే తనంతట తాను ఊగడం మొదలుపెట్టడాన్నే బైఫర్కేషన్ అంటారు.

అన్నపూర్ణ: అది 2014 జూన్ 2న అయిపోయింది కదండీ. దానికీ మీ స్నానానికీ సంబంధం ఏమిటి?

విశ్వనాథం: అది రాష్ట్ర విభజన. ఇది ప్రవర్తన విభజన. ఒక సంఖ్యను కొంచెం కొంచెంగా మారుస్తూ పోతే, ఒకచోట వ్యవస్థ స్వభావమే మారిపోతుంది. మన గీజరులో జరిగినటువంటి దానిని హాప్ఫ్ బైఫర్కేషన్ అంటారు.

అన్నపూర్ణ: హాఫా? ఇంత గొడవ చేసి సగమేనా?

విశ్వనాథం: హాఫ్ కాదు, హాప్ఫ్! ఎబర్‌హార్డ్ హాప్ఫ్ అనే గణితవేత్త, 1942లో దీని మీద వ్యాసం రాశాడు.

అన్నపూర్ణ: ఆయన కూడా గీజరు వరండాలో పెట్టించుకున్నాడా?

విశ్వనాథం: ఆయన సిద్ధాంతం ఆలస్యం లేని సమీకరణాలకు సంబంధించినది. ఆలస్యం ఉన్నవాటికి కూడా అది వర్తిస్తుందని తరువాతివారు చూపించారు.

అన్నపూర్ణ: నాకు ఒక సందేహం. ఊపు చావదన్నారు. అయితే అది పెరుగుతూ పెరుగుతూ పోయి, మీరు ఈపాటికి ఉడికిపోయి ఉండాలి కదా? కేకలు వినబడుతున్నాయి కనుక ఉడకలేదని అనుకుంటున్నాను.

(గదిలో నుంచి మెచ్చుకోలుతో కూడిన దగ్గు వినిపించింది. ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో ఈ ప్రశ్న అడిగిన విద్యార్థి ఒక్కడూ లేడన్న బాధ అందులో ఉంది.)

విశ్వనాథం: మంచి ప్రశ్న. సమీకరణం సరళరేఖ వంటిదైతే నేను ఉడికేవాడినే. కానీ నాకు ఎంత చలి వేసినా, నేను ఎంత గట్టిగా అరిచినా, నీ చేయి ఒక వేగానికి మించి తిరగదు. తేడా రెట్టింపైతే దిద్దుబాటు రెట్టింపు కాదు. అరేఖీయత అంటే అదే. అది ఊపును పట్టి ఆపుతుంది కానీ చంపదు. నీ చేతి గరిష్ఠ వేగం సెకనుకు అర డిగ్రీ అనుకుంటే, నీళ్ళు 30కీ 50కీ మధ్య జీవితాంతం తిరుగుతూ ఉంటాయి. దానిని పరిమిత చక్రం అంటారు.

అన్నపూర్ణ: అంటే మిమ్మల్ని ఇప్పటిదాకా కాపాడింది నా బద్ధకమన్నమాట.

విశ్వనాథం: శాస్త్రీయంగా చెప్పాలంటే, అవును.

అన్నపూర్ణ: ఈ మాట మీ చెల్లెలు వచ్చినప్పుడు ఆవిడ ముందు చెప్పండి.

విశ్వనాథం: ఈ హాప్ఫ్ బైఫర్కేషన్‌లో ఒక మంచి రకం, ఒక దుష్టరకం ఉన్నాయి. మంచి రకంలో హద్దు దాటగానే చిన్న ఊపుతో మొదలవుతుంది. హద్దు నుంచి నాలుగింతలు దూరం పోతే ఊపు రెండింతలే పెరుగుతుంది. దుష్టరకంలో ఏ హెచ్చరికా లేకుండా ఒక్కసారిగా పెద్ద ఊపు వస్తుంది, తరువాత ఆ సంఖ్యను పాత చోటికి తెచ్చినా ఆగదు. ఇంకా చాలా వెనక్కి తీసుకువెళ్ళాలి.

అన్నపూర్ణ: ఆ రెండో రకం నాకు తెలుసు. మన పెద్దమ్మాయి పెళ్ళిలో భోజనాల దగ్గర మీ అన్నయ్యగారు మొదలుపెట్టింది అదే. కూర వడ్డించిన తరువాత కూడా ఆగలేదు.

విశ్వనాథం: ఇంత కాలం కిందటి విషయం ఇప్పుడెందుకు?

అన్నపూర్ణ: ఎందుకు కాకూడదు? 21 సెకన్ల కిందటి నీళ్ళు ఇప్పుడు మీ వీపును కాల్చవచ్చు కానీ, పదకొండేళ్ళ కిందటి మాట నన్ను కాల్చకూడదా?

విశ్వనాథం: (ఓటమిని సిద్ధాంతంగా మార్చే ప్రయత్నంలో) నిజానికి నువ్వన్నది సరైనదే. ఆలస్యం లేని వ్యవస్థలో ఈ క్షణపు విలువ తెలిస్తే చాలు, రేపటిది లెక్క కట్టవచ్చు. ఆలస్యం ఉన్నచోట అది చాలదు. గొట్టంలో ఉన్న ప్రతి చుక్క ఎంత వేడిగా ఉందో, అంటే గడచిన 21 సెకన్ల చరిత్ర మొత్తం తెలియాలి. అందుకే చూడడానికి ఒకే సమీకరణమైనా దానికి అనంతమైన పరిమాణాలు ఉన్నాయంటారు.

అన్నపూర్ణ: చరిత్ర మొత్తం నా దగ్గర ఉంది. తారీఖులతో సహా చెప్పమంటారా?

విశ్వనాథం: వద్దు. వేడి కొంచెం పెంచు. మెల్లగా.

అన్నపూర్ణ: పెంచాను. ఇక మీరు 21 లెక్కపెట్టేదాకా నోరు తెరవకండి.

విశ్వనాథం: నోరు మూసుకోనవసరం లేదు, వేడి గురించి మాట్లాడకపోతే చాలు. 1948లో హచిన్సన్ అనే జీవశాస్త్రవేత్త జంతువుల సంఖ్యకు ఇటువంటి సమీకరణమే రాశాడు. తిండి తగ్గిందన్న సంగతి జననాల మీద ఆలస్యంగా తెలిస్తే, సంఖ్య పెరిగి కూలి, మళ్ళీ పెరుగుతుంది. అక్కడ కూడా హద్దు అదే, పైలో సగం. తరువాత ఆస్ట్రేలియాలో నికల్సన్ అనే ఆయన గొర్రెలను పీడించే ఈగలను పెంచి, వాటి సంఖ్య ఇలాగే ఎగిసి పడడం లెక్కపెట్టాడు.

అన్నపూర్ణ: ఈగలను లెక్కపెట్టిన ఆయన భార్య ఎంత ఓర్పుగల మనిషో! దీనికి ఆస్ట్రేలియా దాకా ఎందుకండీ? మన టమాటా మార్కెట్ యార్డు ఉండగా? ధర బాగుందని అందరూ ఒకేసారి నాటుతారు. పంట చేతికి రావడానికి రెండు మూడు నెలలు పడుతుంది. అప్పటికి అందరి పంటా ఒకేసారి వచ్చి ధర పడిపోతుంది, కోత కూలి కూడా రాక రోడ్డు పక్కన పారబోస్తారు. అది చూసి ఎవరూ నాటరు, మళ్ళీ ధర ఆకాశానికి పోతుంది. మా తమ్ముడు ఏటా "కాలింది", "చల్లబడింది" అంటూనే ఉన్నాడు. వాడి గొట్టం పొడవు మూడు నెలలు.

విశ్వనాథం: (చాలాసేపు ఆగి) దీనినే ఆర్థికవేత్తలు సాలెగూడు నమూనా అంటారు. 1934లో కాల్డోర్ ఆ పేరు పెట్టాడు. నేను తరగతిలో ఈ ఉదాహరణ ఎన్నడూ చెప్పలేదు.

అన్నపూర్ణ: చెప్పి ఉంటే పిల్లలు పాసయ్యేవారు.

విశ్వనాథం: కొన్నిచోట్ల ఆలస్యం మరీ పెరిగితే ఊపులో క్రమం కూడా మిగలదు. 1977లో మాకీ, గ్లాస్ అనే ఇద్దరు రక్తకణాల ఉత్పత్తికి ఒక సమీకరణం రాశారు. కణాలు తగ్గాయన్న కబురు అందినా, మజ్జ నుంచి కొత్తవి రావడానికి రోజులు పడుతుంది. వారి సమీకరణంలో ఆ ఆలస్యం 6 రోజులైతే చక్కటి క్రమంతో హెచ్చుతగ్గులు వచ్చాయి. 20 అయితే గడియారానికి లొంగని గందరగోళం వచ్చింది. నియమం ఒక్కటే, యాదృచ్ఛికత ఏమీ లేదు, అయినా కొంతకాలం తరువాత ఏమవుతుందో ఎవరూ చెప్పలేరు.

అన్నపూర్ణ: మీరు కూరగాయలకు వెళ్ళి తిరిగివచ్చే వేళలాగా.

విశ్వనాథం: అయితే ఆలస్యాన్ని పూర్తిగా తిట్టకూడదు. 1992లో పిరాగాస్ అనే లిథువేనియా శాస్త్రవేత్త, ఇప్పటి విలువకూ ఒక ఆవర్తనం, అంటే ఒక పూర్తి ఊపు, కిందటి విలువకూ ఉన్న తేడాను తిరిగి వ్యవస్థలోకి పంపితే, గందరగోళాన్ని కూడా క్రమంలో పెట్టవచ్చని చూపించాడు. ఆలస్యమే అక్కడ మందు.

అన్నపూర్ణ: మందు సంగతి తరువాత. మా అమ్మ కాగులో నీళ్ళు కాచి, బకెట్టులో చన్నీళ్ళు కలిపి, చేయి ముంచి చూసి ఇచ్చేది. గొట్టం లేదు, హాఫూ లేదు. కనీసం మీ చేతికి అందేలా ఒక చన్నీళ్ళ కుళాయి ఆ షవరుకు కలిపినా, మీ 21 సెకన్లు ఒకటో రెండో అయ్యేవి.

విశ్వనాథం: ప్లంబరు ఆ మాటే చెప్పాడు. నేనే వద్దన్నాను.

అన్నపూర్ణ: ఎందుకు?

విశ్వనాథం: అతడు గణితం చదవలేదని.

(కొద్దిసేపు ఎవరూ మాట్లాడలేదు. నీళ్ళు మొదటిసారి సరిగ్గా ఉన్నట్టున్నాయి. లోపలి నుంచి సన్నగా ఒక కీర్తన కూడా మొదలైంది. పల్లవి దాటకముందే ఆగిపోయింది.)

విశ్వనాథం: అన్నపూర్ణా, చల్లబడుతోంది. ఇది ఊగిసలాటలా లేదు, ఒకే దిక్కుకు పోతోంది. పెంచు.

అన్నపూర్ణ: పెంచాను.

విశ్వనాథం: 21 లెక్కపెట్టాను. ఏమీ రాలేదు.

అన్నపూర్ణ: నాబ్ చివరి దాకా ఉంది. మంట లేదు. పొయ్యి మీద ఉప్మా కూడా చల్లారిపోయింది.

విశ్వనాథం: (చాలా మెల్లగా) ఇందాక నువ్వు ఒక ప్రశ్న అడిగావు.

అన్నపూర్ణ: అడిగాను.

విశ్వనాథం: దానికి సమాధానం, లేదు, బుక్ చేయలేదు.