రెండొచ్చినయ్, ఇంకోటి రావాలె

మొన్న ఆదివారం నల్లగొండలో మా ఇంట్లో కందిపప్పు మాడిపోయింది. మాడబెట్టింది నేనే, ఒప్పుకుంటా. కానీ ఆ రోజు అమ్మతో ఒక్క అబద్ధం కూడా ఆడలేదు, అది మాత్రం రాసి పెట్టుకోండి.

పొద్దున పదకొండింటికి అమ్మ జొన్నల సంచి పట్టుకుని గిర్నీకి పోతూ "పప్పు పెట్టిన, మూడు విజిళ్లు రాంగనే బంజెయ్యి" అంది. సరే అన్నా. అప్పటికే ఒక చెవికి హెడ్‌ఫోన్ ఉంది, రెండో చెవి ఇంటి కోసం వదిలేశా. ఆ మాత్రం బాధ్యత ఉంది నాకు.

నేనాడేది వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ క్లాసిక్, అంటే ఆన్‌లైన్‌లో జట్టుగా ఆడే ఒక కంప్యూటర్ ఆటను పాత రూపంలో మళ్లీ తెచ్చింది, అందులోనూ పాండేరియా అనే భాగం. అందులో నా పాత్ర వార్‌లాక్ అనే మంత్రగాడు, అంటే ఎదురుగా పోయి కొట్టడం తక్కువ, దూరంగా నిలబడి శాపాలు పెట్టడం ఎక్కువ. ఆ శాపం పెట్టిన క్షణంలో మనకెంత బలముంటే అంత పట్టుకుని, తర్వాత మనం నీరసపడ్డా సరే, అది అయిపోయేదాకా అదే లెక్కన కొడుతుంది. అసలు ఆటలో 2014లో ఈ పద్ధతి తీసేశారు, క్లాసిక్‌లో మాత్రం బతికే ఉంది. అందుకే బలం పెరిగే ఘడియ కోసం కాచుకోవాలి. ఆయుధం మీద వేసుకున్న జేడ్ స్పిరిట్ అనే మంత్రం వెలిగితే 12 సెకన్లు బలం పెరుగుతుంది, వీపు మీది శాలువాకు కుట్టుకున్న లైట్‌వీవ్ అనే కుట్టు వెలిగితే 15 సెకన్లు, పైన ఒక ట్రింకెట్, అంటే తాయెత్తు లాంటిది. ఇవేవీ మనం నొక్కితే వచ్చేవి కావు, వాటికి బుద్ధి పుడితే వస్తాయి. వాటిలో కొన్నింటికి, ఎంత ఆలస్యమైతే వచ్చే అవకాశం అంత పెరిగేలా పెట్టారు. దేవరకొండ రోడ్డు మీద మేం ఎదురుచూసే బస్సుకు ఆ దయ కూడా లేదు.

మూడూ ఒకేసారి పడ్డప్పుడు హెడ్‌ఫోన్‌లో మాట్లాడుతూ నాతో కలిసి ఆడే మా మహబూబ్‌నగర్ తమ్ముడు బ్లడ్‌లస్ట్ అనే మంత్రం నొక్కాలి. దాంతో 40 సెకన్లు అందరికీ 30 శాతం వేగం, మళ్లీ 10 నిమిషాల దాకా పనిచేయదు. అందుకని తమ్ముడు చెవిలో ఒకటే గోల, "అన్నా, ఎన్నొచ్చినయ్?"

సరిగ్గా అప్పుడే గిర్నీ నుంచి వచ్చి గేటు దగ్గర పక్కింటి అత్తతో నిలబడిపోయిన అమ్మ కూడా అరిచింది. "ఎన్నొచ్చినయ్ రా?"

"రెండొచ్చినయ్, ఇంకోటి రావాలె!" అన్నా. ఇద్దరికీ ఒకే జవాబు సరిపోయింది.

అమ్మ నిమ్మళంగా మళ్లీ ఏదో పెళ్లి సంబంధం ముచ్చట్లో పడింది. కాసేపటికి "ఇంకా రాలేదా?" అంది.

"ఒకటి పోయిందమ్మా, మళ్ల ఆగాలె!"

"పోయిందా? యాడికి పోయింది?"

జవాబు చెప్పే తీరిక లేదు. శాలువా వెలిగింది, ఆయుధం వెలిగింది, ట్రింకెట్ కూడా. "పడ్డయ్ తమ్మీ, నొక్కు!" అని కేకేసి శాపాలన్నీ వరసగా పెట్టేశా. అంకెలు చూడాలి, జాతరలో పేలాలు ఎగిరినట్టు ఎగురుతున్నాయి. డ్యామేజీ పట్టికలో నా పేరు పైకి, పైపైకి. ఏదో మాడు వాసన వచ్చింది గానీ వీధిలో ఎవరో చెత్త తగలబెడుతున్నారనుకున్నా.

వంటింట్లోకి ముందు అమ్మే పోయింది. వెనక నేను. కుక్కర్ మూత మీద పసుపు నురగ అట్ట కట్టింది, వెయిట్ కదలడం లేదు, సన్నగా బుస్సుమంటోంది. చల్లారాక మూత తీస్తే పైన పప్పు ఎర్రగా, అడుగున కొత్తగా వేసిన తారు రోడ్డు.

"ఇంకోటి రావాలె అంటివి గదరా?"

"నేను చెప్పింది శాలువా సంగతమ్మా."

"ఏం శాలువా? ఎవరికి కప్పిన్రు?"

ఏం చెప్పను? పెరట్లో కూర్చుని పీచుతో కుక్కర్ తోముతుంటే తమ్ముడి నుంచి మెసేజ్ వచ్చింది. "అన్నా, మనం కొట్టిన పెద్ద రాక్షసుడు, ఆ బాస్ సచ్చిండు. నువ్వడిగే ట్రింకెట్ పడ్డది. నువ్వు లేకపోతివి, నేను తీసుకున్న."