ఈ పటం ఎవరి కోసం గీశారు?

పల్లె గతం తెలుసుకోవాలనుకునేవారు సాధారణంగా రాజవంశాల చరిత్రలోనో శాసనాల్లోనో వెతుకుతారు. అక్కడ ఆ ఊరి పేరు ఒక్కసారి కనిపిస్తే అదృష్టమే. పొలం గట్లు, బండిబాటలు, వాగు మలుపులు, ఇళ్ల వరసలు ఏ వంశ చరిత్రలోనూ దొరకవు. వాటిని ఒకచోట చూపేవి పాత పటాలే. గ్రామీణ చరిత్రకు ఇంత విలువైన ఆధారం మరొకటి లేదని నా నమ్మకం. అయితే పటాన్ని పాత ఫొటోలా చూస్తే మోసపోతాం. సైన్యం నడవాలి, పన్ను లెక్క తేలాలి, భూమి పంపకం జరగాలి. ఇలాంటి అవసరం ఏదో ఒకటి ఉంటేనే సర్వే గొలుసు పట్టుకుని ఒక మనిషి ఊళ్లోకి వస్తాడు. ఆ అవసరం ఏమిటో తెలియకపోతే పటంలో ఒక్క గీతకు కూడా సరైన అర్థం చెప్పలేం.

స్కాట్లండ్ ఉదాహరణ చూడండి. 1745లో చెలరేగిన తిరుగుబాటును అణచివేశాక, కొండప్రాంతాల్లో దళాలను నడిపేందుకు పనికొచ్చే పటాలు తమ వద్ద లేవని బ్రిటిష్ సైన్యం గుర్తించింది. ఆ లోటు తీర్చడానికి 1747లో విలియం రాయ్ మొదలుపెట్టిన సర్వే 1755 వరకు సాగింది. వేసవిలో బృందాలు కొలతలు తీసుకునేవి. చలికాలంలో ఎడింబరో కోటలో కూర్చుని వాటిని పటాలుగా గీసేవారు. తర్వాతి వంద సంవత్సరాల్లో భూస్వాములు గొర్రెల పెంపకం కోసం కౌలు రైతులను వెళ్లగొట్టడంతో అక్కడి ఊళ్లెన్నో పాడుపడ్డాయి. ఇళ్లు ఎర్ర గుర్తులుగా, సాగునేల సన్నని చారలుగా కనిపించే రాయ్ పటం, ఆ ఊళ్లు ఇంకా బతికి ఉన్న రోజులకు సాక్ష్యం. ఇప్పుడు గోడల మొదళ్లు మాత్రమే మిగిలిన లోయలో నిలబడి ఆ ఎర్ర గుర్తులను చూస్తే మనసు బరువెక్కుతుంది.

కానీ సర్వేయర్లు గొలుసు వేసి కొలిచింది ప్రధానంగా దారులను, నదులను. మిగతాదంతా కంటి అంచనాతో నింపారు. సాగునేల చారలు ఒక ఆనవాలు మాత్రమే, వాటిని పట్టుకుని ఎన్ని ఎకరాలు సాగయ్యేవో లెక్క కట్టడం కుదరదు. దారికి దూరంగా, లోయ కొసన పటం ఖాళీగా ఉంటే అక్కడ మనుషులు లేరని తేల్చడం ఇంకా పెద్ద పొరపాటు. సైన్యం చూపు అంతదూరం వెళ్లలేదు, అంతే.

పన్ను పటాల తీరు వేరు. ఇంగ్లండ్, వేల్స్‌లో పంటలో పదో వంతును చర్చికి ఇచ్చే పాత పద్ధతిని డబ్బు చెల్లింపుగా మార్చడానికి 1836లో చట్టం చేశారు. దాని కోసం గ్రామాల వారీగా పటాలు తయారయ్యాయి. ప్రతి చేనుకూ ఒక సంఖ్య, ఆ సంఖ్యకు జతగా రిజిస్టరులో ఒక వరస. యజమాని ఎవరు, ఎవరి అనుభవంలో ఉంది, చేను పేరేమిటి, దున్నేదా పచ్చికబయలా, విస్తీర్ణం ఎంత అన్నీ అందులో ఉంటాయి. నన్ను ఎక్కువగా పట్టి నిలిపేవి ఆ చేల పేర్లు. ఇటుక బట్టీ చేను అని పేరుంటే, నేలమీద బట్టీ జాడే లేకపోయినా, ఆ పక్కనున్న గుంట ఎందుకు ఏర్పడిందో ఊహించవచ్చు. ఎప్పుడో ఆగిపోయిన పనులు, నరికేసిన తోపులు పేర్లలో నిలిచిపోతాయి. కేవలం పటం చూసేవారికి మాత్రం అక్కడ కనబడేది ఒక అంకె.

అంత వివరమైన రిజిస్టరులోనూ ఆ చేలో చెమటోడ్చిన కూలీ పేరుకు గడి లేదు. పైగా, అంతకుముందే ఈ పన్ను రద్దయిన ఊళ్లలో చాలావాటికి పటమే గీయలేదు. వసూలు చేసేది ఏమీ లేకపోతే కొలిచే అవసరం కూడా లేదు.

ఐర్లండ్‌లో 1824లో మొదలైన సర్వే కూడా పన్నును సరిగా పంచడానికి చేసిందే. మైలుకు ఆరు అంగుళాల స్కేలుతో గీసిన ఆ పటాలు 1845లో మొదలైన మహా కరువుకు కొంచెం ముందటి పల్లెలను పట్టుకున్నాయి. కరువులో దాదాపు పది లక్షల మంది చనిపోయారు, అంతకు తక్కువ కాని సంఖ్యలో దేశం విడిచిపోయారు. తొలి పటంలో గుంపుగా ఉన్న ఇళ్లు తర్వాతి పటంలో మాయమైన చోట్లు ఎన్నో. ఏ ఒక్క పటమూ ఆ సంగతి చెప్పదు, రెండింటినీ పక్కపక్కన పెట్టినప్పుడే అది తెలుస్తుంది. ఊళ్ల పేర్లను ఇంగ్లిషు వర్ణక్రమంలోకి మార్చి అచ్చువేయడంతో వాటి ఐరిష్ అర్థాలు పటంలో కనుమరుగయ్యాయి. సర్వేతో పాటు పేర్ల మీద పనిచేసిన పండితుడు జాన్ ఓడొనొవన్ ఐరిష్ రూపాలను కూడా రాసిపెట్టడం వల్ల అవి ఇవాళ మనకు దొరుకుతున్నాయి.

ఆ మాటకొస్తే, పటానికి తోడుగా మాట కూడా కావాలని గ్రహించినవారిలో కాలిన్ మెకంజీని తప్పక తలుచుకోవాలి. 1815లో భారతదేశపు తొలి సర్వేయర్ జనరల్ అయిన ఆయన, కావలి సోదరుల సాయంతో ఊరూరి కైఫీయతులు, అంటే ఊరివాళ్లు చెప్పిన స్థానిక చరిత్రలు, సేకరించాడు. చెరువు ఎవరు తవ్వించారు, గుడికి మాన్యం ఎవరిచ్చారు వంటి సంగతులు ఏ గొలుసూ కొలవలేనివి. అయితే కైఫీయతునూ అడగాల్సిన ప్రశ్న ఉంది. మాన్యం గురించి చెప్పిన మనిషికి ఆ మాన్యం నిలవడంలో ప్రయోజనం ఉందా?

నదుల విషయంలో పాత పటం మరింత అవసరం. జేమ్స్ రెన్నెల్ 18వ శతాబ్దంలో గీసిన బెంగాల్ పటాల్లో తీస్తా గంగవైపు పారుతుంది. 1787 వరదల తర్వాత అది బ్రహ్మపుత్రలో కలిసింది. బ్రహ్మపుత్ర ప్రధాన ప్రవాహమూ తర్వాత పడమటికి జరిగింది. ఇప్పుడు సన్నని కాలువ పక్కనున్న ఊరు ఒకప్పుడు పెద్ద నది ఒడ్డున ఉండేదని నేలను చూసి ఎవరు నమ్ముతారు?

ఇప్పుడు పాత పటాన్ని ఉపగ్రహ చిత్రం మీద పరిచి చూసే సౌకర్యం వచ్చింది. స్కాట్లండ్ జాతీయ గ్రంథాలయం దీన్ని ఉచితంగా అందిస్తోంది, ఇది ఎంతో మెచ్చదగిన పని. దీనితో పాటు ఒక ప్రమాదమూ ఉంది. పాత కాగితాన్ని సాగదీసి కొత్త చిత్రానికి అతికిస్తే గీతలన్నీ కచ్చితమైనవన్న భ్రమ కలుగుతుంది. మైలుకు అంగుళం స్కేలున్న పటంలో అర మిల్లీమీటరు మందమున్న గీత నేలమీద దాదాపు 32 మీటర్ల వెడల్పు. దాన్ని చూపి గట్టు తగాదా తీర్చలేం. అచ్చయిన సంవత్సరాన్ని సర్వే సంవత్సరంగా పొరబడడం మరో ప్రమాదం. పాత సర్వేకు కొత్త రైలు మార్గం మాత్రం చేర్చి మళ్లీ అచ్చువేసిన పటాలు ఉంటాయి.

వీటికి విరుగుడు గీతల మధ్య సంబంధం చూడడం. దారి చేలను అడ్డంగా కోసుకుంటూ పోయి, ఒకవైపు గట్టు రెండోవైపు అదే వరసలో కొనసాగితే, చేలు పాతవి, దారి కొత్తది. గట్లన్నీ దారి వంపును అనుసరించి ఆగిపోతే దారే ముందుది. ఏ రాతా లేని కాలాల వరసను కూడా ఇలా తేల్చవచ్చు.

పటాలను భద్రపరిచిన సంస్థలకు నా విన్నపం ఒకటే: పటాన్ని స్కాన్ చేసి పెట్టి, రిజిస్టరును బీరువాలో వదిలేయకండి. రిజిస్టరు లేని పటంలో మిగిలేవి అంకెలే. ఊరి చరిత్ర మొదలుపెట్టేవారు మాత్రం అప్పటిదాకా ఆగనక్కర్లేదు. ఆ చేల పేర్లు నోటికి చెప్పగల పెద్దవాళ్లు ఊళ్లో ఇంకా ఉంటే, పటం నకలు, ఒక పెన్సిలు తీసుకుని ముందు వెళ్లాల్సింది వాళ్ల దగ్గరికే.