కరువు భత్యం గారికి ఒక ప్రైవేటు ఉద్యోగి రాయునది

మహారాజశ్రీ కరువు భత్యం గారి సముఖమునకు,

వనస్థలిపురం నుంచి ఒక ప్రైవేటు ఉద్యోగి నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. మీరు కుశలమేనని పేపర్లో చూశాను. 2025 జులై లెక్కకు కేంద్ర ఉద్యోగుల బేసిక్ జీతంలో 58 శాతానికి చేరారట. నా కుశలం సంగతి ఉత్తరం చదివేకొద్దీ మీకే తెలుస్తుంది.

మనకు ముఖపరిచయం లేదు. మా బాబాయి పోస్టాఫీసులో చేసి రిటైరయ్యాడు. ఆయనింటికి మీరు ఏడాదికి రెండుసార్లు, జనవరి లెక్కకొకసారి, జులై లెక్కకొకసారి వస్తుంటారు. పెన్షనర్ల దగ్గరికి డీఆర్ అని పేరు మార్చుకుని వెళతారు గానీ మనిషి మీరే. వచ్చేది ఆలస్యంగానైనా ఆ మధ్య నెలల బకాయీ సంచిలో వేసుకుని మరీ వస్తారు. ఆ రోజు పిన్ని పాయసం చేస్తుంది. అదే రోజు సాయంత్రం వార్తల్లో మీ పేరు రాగానే మా ఆవిడ టీవీ వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసి ఛానల్ మారుస్తుంది.

2020లో కరోనా అని చెప్పి మిమ్మల్ని 17 శాతం దగ్గరే ఏడాదిన్నర నిలబెట్టేశారు. 2021 జులైలో ఒక్క ఉదుటున 28కి వచ్చారు గానీ, ఆ మధ్యకాలం బకాయిలు ఎగ్గొట్టారని బాబాయి ఇప్పటికీ గొణుగుతాడు. ఆ గొణుగుడు విన్నా నాకు అసూయే. ఎగ్గొట్టడానికైనా ముందు ఇవ్వాల్సిందంటూ ఒకటి ఉండాలి కదండీ.

బ్యాంకు ఉద్యోగుల ఇళ్లకు మూణ్నెల్లకోసారి వెళతారని విన్నాను. మా బామ్మర్ది రాష్ట్ర ప్రభుత్వ టీచరు. వాడికి మీరు వస్తున్నానని కబురు పంపుతారట, రారట, మళ్లీ పంపుతారట. ఏ రాష్ట్రమో చెప్పను. మన రెండిట్లో ఏదైతేనేం.

మా వీధికి మాత్రం మీకు దారి తెలీదు. మా పే స్లిప్పులో మీరుండాల్సిన చోట ‘స్పెషల్ అలవెన్స్’ అని ఒకాయన కూర్చుని ఉంటాడు. ఆయన ప్రత్యేకత ఏమిటో నాకు తొమ్మిదేళ్లుగా అర్థం కాలేదు. టమాటా పెరిగినా కదలడు, గ్యాసు పెరిగినా కదలడు. బేసిక్ ఇంత, హెచ్‌ఆర్‌ఏ ఇంత అని కోయగా చివర మిగిలిన అంకెకు పెట్టిన పేరు అది. నేను అకౌంట్సులోనే పనిచేస్తాను కాబట్టి ఆ కోత నా చేతుల మీదుగానే జరుగుతుంది. నా జీతం నేనే కోసుకుంటాను.

అసలు మీకు తెలుగులో ‘కరువు’ అని పేరు పెట్టిన ఆ గుమాస్తా ఎవరో గానీ ఆయనకు చేతులెత్తి మొక్కాలి. ఇంగ్లిషు పేరు ‘డియర్‌నెస్ అలవెన్స్’ (డీఏ)లో కాస్త మర్యాద ఉంది, ఏదో వస్తువులు ప్రియమయ్యాయి అన్నట్టు. మనవాడు ఉన్నమాట అనేశాడు. మా హెచ్‌ఆర్ వాళ్ల నోట మాత్రం ఆ మాట చచ్చినా రాదు. వాళ్ల భాషలో కరువు లేదు, ‘మార్కెట్ పరిస్థితులు’ ఉన్నాయి.

మొన్న ఏప్రిల్లో ‘అభినందనలు’ అని మెయిల్ వచ్చింది. ఆరు శాతం పెంచారు. చేతికొచ్చే 32,000 మీద 1,920 అన్నమాట. అదే వారం ఇంటి ఓనరు గారు కిందనుంచే కేకేసి, 12,000 అద్దె 14,000 చేస్తున్నానన్నారు. ఆయన అభినందనలు చెప్పలేదు. క్యాలిక్యులేటర్ అక్కర్లేదు, నెలకు 80 రూపాయలు నేనే బాకీ. కంపెనీ నన్ను అభినందించిన పాపానికి అప్పుపడ్డాను. ఇది స్కూలు వ్యాను వాడు ఫోను చేయకముందు లెక్క.

ఇక మెట్రో. 2025 మే నెలలో గరిష్ఠ టికెట్టు 60 నుంచి 75 చేశారు. అందరూ గోల పెడితే వారం తిరక్కుండా పది శాతం తగ్గింపని చెప్పి 69 చేశారు. ఆ రోజు మా ఆఫీసులో తగ్గిందని స్వీట్లు పంచినంత పనిచేశారు. తొమ్మిది రూపాయలు పెరిగితే పండగ చేసుకునే జాతిని మీరెక్కడైనా చూశారా?

మీ ఆరోగ్యం చూసేది సిమ్లాలోని లేబర్ బ్యూరో అని చదివాను. దేశంలో 88 పారిశ్రామిక కేంద్రాల్లో, 317 మార్కెట్లలో నెలనెలా ధరలు తెప్పించుకుని, 2016ను వందగా పెట్టుకుని సూచీ కడతారట. బాగుంది. మా ఆఫీసులోనూ ఒక లేబర్ బ్యూరో ఉంది. అది క్యాంటీన్లో, చేయి కడుక్కునే చోట గోడకున్న ధరల బోర్డు. ప్లేటు మీల్స్ ఎదురుగా 80 అని స్టిక్కరు. దాని మూల ఊడింది. కింద 60 కనిపిస్తుంది. తడి చేత్తో ఇంకొంచెం గీకితే 45. ఒకరోజు పప్పు చల్లారేదాకా గీకుతూ నిలబడ్డాను, 35 దాకా వెళ్లాను. అడుగున ఇంకేముందో చూసేలోపు క్యాంటీనాయన ‘‘సార్, గోడ పాడైతది’’ అన్నాడు.

ఆ 80లో 30 కంపెనీ పెట్టుకుంటే మనిషికి నెలకు 22 రోజులకు 660 అవుతుంది. అందరికీ వద్దు, పాతికవేలలోపు వాళ్లకే అనుకుందాం. మా దగ్గర అరవై మంది. ఏడాదికి 4,75,200. ఈ లెక్క కాగితం మీద వేసి మేనేజరు గారికి చూపించాను. ‘‘మంచి ఆలోచన, కానీ బడ్జెట్ లేదు’’ అన్నారు. నిజమే కాబోలనుకున్నాను. తర్వాతి వారం రిసార్టులో జరిగిన యాన్యువల్ డే బిల్లు నా టేబుల్ మీదికే వచ్చింది. అంకె చెప్తే ఉద్యోగం పోతుంది, కాబట్టి చెప్పను. నేను చెప్పిన దానికి మూడింతల పైమాటే అని మాత్రం మీ చెవిన వేస్తున్నాను. అందులో డ్రోను ఖర్చు వేరు. పైనుంచి చూస్తే మేమంతా ఆనందంగా ఉన్నట్టే కనపడ్డాం.

కంపెనీ మాకు ఏమీ చేయట్లేదని చాడీలు చెప్పను. ఆర్థిక క్షేమం మీద వెబినార్ పెట్టింది, అదీ భోజనాల వేళ. మాట్లాడినాయన రోజుకు రెండు టీలు తగ్గిస్తే ఇరవయ్యేళ్లకు ఎంత పోగవుతుందో గ్రాఫు వేసి చూపించాడు. ప్రశ్నలుంటే రాయమన్నారు. ‘‘సార్, అద్దె కూడా తగ్గించుకోవచ్చా?’’ అని రాశాను. సమయం అయిపోయింది.

జీతం అడ్వాన్సు సౌకర్యమూ ఉంది. ఫారం నింపాలి, కారణం రాయాలి, నాలుగు సంతకాలు కావాలి. నాలుగో సంతకం పెట్టే సారు ‘‘ఎందుకింత ఖర్చు పెడతారయ్యా’’ అని అడగడం ఫారంలో లేదు, ఉచితం. మా పక్క సీటు కుర్రాడు వాళ్ల నాన్న ఆపరేషనుకు ఆ మాట పడలేక ఫోన్లో లోన్ యాప్ నుంచి అప్పు తీసుకున్నాడు. ఇప్పుడు వాడికి రోజూ ఫోన్లు. వాళ్లకు మాత్రం ఒక్క సంతకం చాలిందట.

మీ పుట్టుపూర్వోత్తరాలు కొంత తవ్వాను. రెండో ప్రపంచయుద్ధం నాడు తిండి ధరలు మండిపోతుంటే చిన్న జీతాల వాళ్ల కోసం మిమ్మల్ని సర్కారు పుట్టించిందని రాశారు. మీకన్నా పెద్దాయన ఒకాయన అహ్మదాబాద్ మిల్లుల్లో దొరికాడు, పేరు ప్లేగు బోనస్. 1917లో ఊళ్లో ప్లేగు వస్తే కార్మికులు పారిపోకుండా మిల్లు యజమానులు అదనంగా డబ్బిచ్చారు. ప్లేగు పోయింది, బోనసూ తీసేశారు. మొదటి ప్రపంచయుద్ధ కాలపు ధరలు మాత్రం పోలేదు. కార్మికులు 50 శాతం పెంచమన్నారు, యజమానులు 20కి మించి కుదరదన్నారు. గాంధీ లెక్కలు చూసి 35 న్యాయమన్నాడు. 1918 మార్చిలో ఆయన మూడు రోజులు నిరాహారదీక్ష చేశాక రాజీ కుదిరింది. ఆ రాజీ మా హెచ్‌ఆర్‌కు చూపించదగ్గది. మొదటి రోజు 35 శాతం, అది కార్మికుల ప్రతిజ్ఞ కోసం. రెండో రోజు 20, అది యజమానుల పంతం కోసం. మూడో రోజు నుంచి మధ్యవర్తి తేల్చేదాకా ఇరవయ్యేడున్నర. మధ్యవర్తి చివరికి 35 అనే తేల్చాడు.

ఆ గొడవలో కార్మికుల వైపు నిలబడింది అనసూయా సారాభాయ్. యజమానుల వైపు పెద్ద ఎవరో కాదు, ఆమె సొంత తమ్ముడు అంబాలాల్. ‘మనమంతా ఒకే కుటుంబం’ అని మా ఎండీ గారు యాన్యువల్ డే నాడు మైకులో అన్నప్పుడు నాకు ఈ అక్కాతమ్ముళ్లే గుర్తొచ్చారు. ఈ లెక్కన మా కుటుంబంలో అక్క పోస్టు ఖాళీగా ఉంది.

మాదీ ప్లేగు కథే. 2020లో ఇంటినుంచి పనిచేస్తుంటే ఇంటర్నెట్‌కని నెలకు వెయ్యి ఇచ్చారు. ఆఫీసుకు రమ్మనగానే అది ఆపేశారు. ఇంట్లో ఉన్నప్పుడు వైఫైకి ఇచ్చినవాళ్లకు, బయటికొస్తే బస్సుకూ మెట్రోకూ డబ్బులవుతాయని తట్టలేదు.

అసలు ఈ ఉత్తరం రాయడానికి కారణం మా గేటు దగ్గర సెక్యూరిటీ అన్న. ఏజెన్సీ మనిషి. నేను అకౌంట్సు అని తెలిసి మొన్న స్లిప్పు పట్టుకొచ్చి, బేసిక్ కింద వేలు పెట్టి, ‘‘గీ వీడీఏ అంటే ఏంది సార్?’’ అన్నాడు. కనీస వేతనాల నిబంధనల ప్రకారం ధరలు పెరిగితే పెరిగే భత్యమనీ, ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్లో, అక్టోబరులో సవరిస్తారనీ చెప్పాను. ఎంత పెరిగిందో చూసి పెదవి విరిచాడు. మడిచి జేబులో పెట్టుకుంటూ, ‘‘సర్కారోళ్లకు డీఏ, మాకు వీడీఏ. మరి మీకేముంటది సార్?’’ అన్నాడు.

‘‘స్పెషల్ అలవెన్స్’’ అన్నాను. పాపం, అదేదో గొప్పదనుకుని సెల్యూట్ కొట్టాడు.

కాబట్టి తమరితో మనవి. 58 శాతమంతా రానక్కర్లేదు. ఆ సిమ్లా వాళ్ల సూచీ ఎంత కదిలితే అంత, ఏడాదికోసారి, అభినందనలు లేకుండా వస్తే చాలు. ఎలాగూ బాబాయింటికి వస్తారు కదా, అక్కణ్నుంచి మా ఇల్లు రెండు వీధులే. వచ్చేటప్పుడు దయచేసి స్వీటు బాక్సు తేవద్దు, దీపావళివి ఇంకా ఉన్నాయి. మూడో అంతస్తు, ఎడమ చేతి వైపు. మెట్లెక్కి రావాలి, లిఫ్టు పనిచేయదు. దాని మెయింటెనెన్సు మాత్రం పోయిన నెలే పెంచారు.

ఇట్లు,
మీ దర్శనాభిలాషి,
స్పెషల్ అలవెన్స్ కింద బతుకుతున్నవాడు