మెరిట్ అంటాం, ‘మనోడేనా’ అని అడుగుతాం

2024 జులైలో కర్ణాటక కేబినెట్ స్థానికుల ఉద్యోగ బిల్లుకు ఆమోదం తెలిపినప్పుడు, బెంగళూరు మారతహళ్లిలో మేం ఒకప్పుడు ఉన్న పీజీ వాట్సాప్ గ్రూపు ఎంత అట్టుడికిపోయిందో నాకింకా గుర్తుంది. మేనేజ్‌మెంట్ ఉద్యోగాల్లో 50 శాతం, మిగతావాటిలో 70 శాతం స్థానికులకే అన్న ఆ బిల్లు మీద ఐటీ పెద్దలు విరుచుకుపడ్డారు. రెండు రోజులకే ప్రభుత్వం దాన్ని పక్కన పెట్టింది. ఇదంతా అందరికీ తెలిసిందే. నన్ను కలవరపెట్టింది బిల్లు కాదు, ఆ గ్రూపు. ‘ఉద్యోగం మెరిట్ చూసి ఇవ్వాలి, పుట్టిన ఊరు చూసి కాదు’ అని పొద్దున పేరాలకు పేరాలు రాసిన వ్యక్తే సాయంత్రం ‘మా టీమ్‌లో రెండు జావా ఓపెనింగ్స్ ఉన్నాయి, మనోళ్లెవరైనా ఉంటే రెజ్యూమె పంపండి’ అని పెట్టాడు. పొద్దున మాటకూ సాయంత్రం మాటకూ పొంతన లేదని గ్రూపులో ఒక్కరూ అనలేదు.

ఆ బిల్లు తప్పని నేనూ అంటాను. స్థానికుడంటే కర్ణాటకలో పుట్టి, 15 ఏళ్లు అక్కడే ఉండి, కన్నడ చదవడం, రాయడం, మాట్లాడటం వచ్చినవాడని అందులో రాశారు. బాగేపల్లిలో ఇంట్లో తెలుగే మాట్లాడుతూ బడిలో కన్నడ చదువుకున్న పిల్లవాడు స్థానికుడు. అక్కడికి ఎంతో దూరం లేని హిందూపురం పిల్లవాడు పరాయివాడు. ఇద్దరివీ వాన కోసం ఎదురుచూసే పొలాలే, ఇద్దరూ ఎక్కేది బెంగళూరు బస్సే. మధ్యలో ఒక సరిహద్దు గీత చూసి ఎవరి బతుకుదెరువు ఎక్కడో తేల్చేయడం న్యాయం కాదు. హర్యానా ఇలాంటి చట్టమే చేస్తే అక్కడి హైకోర్టు 2023 నవంబరులో కొట్టేసింది.

అయితే కన్నడిగులది సంకుచితత్వం అని తిట్టే ముందు మన చరిత్ర మనం ఒకసారి తిరగేయాలి. ఆ 15 ఏళ్ల షరతు మనకు కొత్తా? ఉద్యోగాలు స్థానికులకే అన్న నిజాం కాలం నాటి ముల్కీ నిబంధనల్లో ఉన్నదీ 15 ఏళ్ల నివాసమే. 1952లో హైదరాబాద్ వీధుల్లో ‘నాన్ ముల్కీ గో బ్యాక్’ అని నినదించిన విద్యార్థుల్లో తెలుగు పిల్లలు ఉన్నారు. 1969లో తెలంగాణ, 1972లో ఆంధ్ర భగ్గుమన్నది ఈ ఉద్యోగాల లెక్క దగ్గరే. చివరికి 371-డి అధికరణం తెచ్చుకుని స్థానికతను రాజ్యాంగంలోకే ఎక్కించుకున్నాం. అంతెందుకు, పరిశ్రమల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకే అని 2019లో చట్టం చేసింది ఆంధ్రప్రదేశ్ శాసనసభ. మా ఊళ్లో ఫ్యాక్టరీ పెట్టి మా పిల్లలకు ఉద్యోగం ఇవ్వలేదని మనం ఏడిస్తే అది ఆవేదన, కర్ణాటకలోని హావేరి నుంచి వచ్చిన కుర్రాడు అదే మాట అంటే అసహనమా?

ఆ కుర్రాడి సంగతి నాకు తెలుసు కాబట్టే ఇంత గట్టిగా రాస్తున్నాను.

కొన్నేళ్ల కిందట ఇక్కడే ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో నేను ఇంటర్వ్యూ ప్యానెల్‌లో కూర్చునేవాణ్ని. ఒకరోజు ఇద్దరు అభ్యర్థులు వచ్చారు. మొదటివాడు హావేరి జిల్లా, పదో తరగతి దాకా కన్నడ మీడియం, వెబ్‌సైట్‌లో ప్రకటన చూసి అప్లై చేశాడు. బోర్డు దగ్గర నిలబడి లెక్క సరిగ్గా చేశాడు. మార్కర్ సరిగ్గా రాయకపోతే ఆగి, విదిలించి, మళ్లీ రాశాడు. ఇంగ్లిష్‌లో మాట దొరక్క రెండుచోట్ల తడబడ్డాడు, అంతే. రెండోవాడు మా టీమ్‌లోనే ఒకరు రిఫర్ చేసిన తెలుగబ్బాయి. చేసిన పని ఇద్దరిదీ ఇంచుమించు ఒకటే. లిఫ్ట్ దాకా ఆ తెలుగబ్బాయితో నడుస్తూ మా లీడ్ తెలుగులో అడిగాడు, ‘ఏ ఊరు మీది? ఇంటిపేరు ఏమన్నావ్?’ అని. జవాబు విన్నాక మా లీడ్ మొహంలో వచ్చిన వెలుగు నేను చూశాను. ఫారంలో మొదటివాడి పేరు ఎదురుగా ‘కమ్యూనికేషన్ వీక్’ అనీ, రెండోవాడి ఎదురుగా ‘టీమ్‌కి బాగా సరిపోతాడు’ అనీ రాశాం. దాని మీద నా సంతకం కూడా ఉంది.

బెంగళూరులో ఇలాంటి సంతకాలు రోజూ పడుతుంటాయి. వీటికి బిల్లు అక్కర్లేదు, శాతాలు అక్కర్లేదు, ఎవరూ ధర్నా చేయరు. రిఫరల్ అన్న మర్యాదైన పేరుతో జరిగిపోతుంది. తమిళ మేనేజర్ కింద తమిళులు, తెలుగు మేనేజర్ కింద తెలుగువాళ్లు, ఢిల్లీ మేనేజర్ కింద హిందీవాళ్లు చేరిన టీమ్‌లు ఇక్కడ పనిచేసిన ఎవరికైనా తెలుసు. తెలిసినవాడిని తెచ్చినందుకు కంపెనీ బోనస్ కూడా ఇస్తుంది. అది తప్పన్న ఆలోచనే ఎవరికీ రాదు.

రిఫరల్‌ను సమర్థించేవాళ్ల మాటలోనూ కొంత నిజం ఉంది. వేల రెజ్యూమెలు వచ్చిపడితే హెచ్ఆర్ ఎన్నని చూడగలదు? తెలిసినవాడు పూచీ ఇస్తే నమ్మకం, ఖర్చు తక్కువ, మనిషి నిలబడతాడు. కానీ పూచీ పనికి ఇస్తున్నామా, పుట్టుకకు ఇస్తున్నామా? ఒక్క ప్రోగ్రాం కూడా చూడకుండా ‘మావాడే, చూడండి’ అని పంపిన రెజ్యూమెలు నా ఇన్‌బాక్స్‌లోనే ఎన్నో.

అసలు ‘మనోడు’ అనే మాట భాష దగ్గర ఆగుతుందా? ఆగదు. తెలుగువాడని తెలిశాక జిల్లా, ఆ తర్వాత కాలేజీ, ఆ తర్వాత ఇంటిపేరు. ఇంటిపేరుతో తేలకపోతే ‘మీరేంటి?’ అని నేరుగానే అడుగుతారు. ఆ ఒక్క ముక్క ప్రశ్న ఎదురైనప్పుడు దళిత కుటుంబం నుంచి వచ్చిన కుర్రాడికి గొంతు ఎలా ఎండిపోతుందో నా పీజీ రూమ్మేట్ దగ్గర చూశాను. కొత్త టీమ్‌లో మొదటి రోజు భోజనానికి పిలిస్తే, ఆకలి లేదని సీట్లోనే కూర్చుండిపోయేవాడు. ఇది నా ఒక్కడి అనుభవం కాదు. సుఖదేవ్ థోరట్, పాల్ అట్వెల్ అనే పరిశోధకులు 548 ఉద్యోగ ప్రకటనలకు 4,808 దరఖాస్తులు పంపి చూశారు. చదువు ఒకటే, పేర్లే వేరు. దళిత పేర్లకు, ముస్లిం పేర్లకు పిలుపులు తక్కువ వచ్చాయి. 2007లోనే అచ్చయిన అధ్యయనం అది. ప్రైవేటు ఉద్యోగాల్లో మెరిట్ రాజ్యమేలుతోందని ఆ తర్వాత కూడా ఏ మొహం పెట్టుకుని చెబుతున్నాం?

రాజ్యాంగంలోని 16వ అధికరణం ప్రభుత్వ ఉద్యోగానికే వర్తిస్తుంది. ప్రైవేటు కంపెనీ ఇంటర్వ్యూలో కులం, మతం, భాష చూసి పక్కన పెట్టడం నేరమని చెప్పే సమగ్ర చట్టం ఈ దేశంలో లేదు. అమెరికాలో సియాటెల్ నగరం 2023 ఫిబ్రవరిలోనే కుల వివక్షను నిషేధించింది. మన ఇంజనీర్లు అంత దూరం మోసుకెళ్లిన జబ్బుకు అక్కడ మందు రాస్తున్నారు. అది పుట్టిన చోట, వైట్‌ఫీల్డ్‌లో, ఎలక్ట్రానిక్ సిటీలో, మాట కూడా ఎత్తడం లేదు.

స్థానికుల బిల్లును ప్రభుత్వం మళ్లీ బయటికి తీస్తే శాతాలు తీసేసి ఈ నాలుగూ పెట్టమని అడుగుదాం. ప్రతి ఖాళీనీ రిఫరల్ కంటే ముందు బహిరంగంగా ప్రకటించాలి. మొదటి వడపోతలో పేరు, కాలేజీ కనపడకూడదు. ఏడాదిలో చేర్చుకున్నవాళ్లలో రిఫరల్ మీద వచ్చినవాళ్లు ఎందరో కంపెనీ బయటపెట్టాలి. ఇంటర్వ్యూలో ఇంటిపేరు ఆరా తీస్తే చర్య ఉండాలి. ఇవి వస్తే హావేరి అబ్బాయికీ మేలు, హిందూపురం అబ్బాయికీ మేలు. ఎవరి ముందూ చేతులు కట్టుకోనక్కర్లేదు. కన్నడ సంఘాలతో కలిసి ఈ మాట అడగడానికి ఇక్కడి తెలుగు సంఘాలకు అడ్డేమిటో నాకర్థం కాదు. ఉగాది ఇద్దరికీ ఒకే రోజు కదా.

కాదన్నప్పుడు కారణం రాసివ్వాలన్నది కూడా చేర్చాలి. హావేరి అబ్బాయికి ఆ రోజు మా కంపెనీ నుంచి వెళ్లింది రెండు లైన్ల మెయిల్. అందులో కారణం లేదు.