ఈఐఏ రిపోర్టు గారికి, గంజాం ఒడ్డు నుంచి

మహారాజశ్రీ పర్యావరణ ప్రభావ మదింపు నివేదిక గారి దివ్య సముఖమునకు నమస్కరించి వ్రాయునది ఏమనగా,

ఇక్కడ మేమంతా క్షేమం. అలా అని మీ నాలుగో అధ్యాయంలోనే రాసి ఉంది కాబట్టి కాదనడానికి నేనెవరిని? రేవులోకి ఓడలు వచ్చే దారిని ఇంకాస్త లోతుగా తవ్వితే నీళ్ళు కొన్నాళ్ళు బురదగా ఉంటాయి, తర్వాత తేటపడతాయి. అడుగున బతికే జీవులు కొన్ని పోతాయి, తర్వాత మళ్ళీ వస్తాయి. మత్స్యకారులకు కొంత ఇబ్బంది, తర్వాత ఉపాధి. మీ పేజీల్లో ‘తర్వాత’ కనబడినంత తరచుగా మా వలల్లో కానాగంతలు కనబడటం లేదు.

ఎవరు రాస్తున్నారో చెప్పుకోవడం మర్యాద. గంజాం జిల్లా ఒడ్డున చేపలు పట్టే ఊళ్ళలో చాలామందిమి తెలుగువాళ్ళం. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా ఈ జిల్లా మద్రాసు రాష్ట్రంలో ఉండేది. ఆ తర్వాత కలెక్టరు ఆఫీసు భాష మారింది, ఇళ్ళలో భాష మారలేదు. బేరాలాడటానికి మాకు రెండు భాషలూ వచ్చు. చదవడం దగ్గరే చిక్కు. మీ నిండు స్వరూపం ఇంగ్లీషులో ఉంటుంది. సారాంశం మాత్రం ఇంగ్లీషుతోపాటు ఒడియాలో కూడా దయచేస్తారు. స్థానిక భాషలో ఇవ్వాలన్నది నియమం. రాష్ట్రానికి ఏ భాష అయితే మా వీధికీ అదే భాష అని మీ లెక్క. నేను ఒడియా బడిలో చదువుకున్నవాణ్ణి కనుక రామమందిరం అరుగు మీద కూర్చోబెట్టి ఊరంతా నాచేత చదివించారు. మీ సారాంశం పూర్తయ్యాక మా పెదనాన్న ఒకటే అడిగాడు. "ఒరే, ఇసక ఎటెల్తాదో రాసినారేట్రా?"

రాయలేదు. ఈ ఉత్తరం అందుకే.

ఏ రేవు గురించిన రిపోర్టో చెప్పను. ఏ రేవుకైనా మీరు ఇంచుమించు ఒకే ముఖంతో వస్తారు. మీ వంశంలో కొందరు ఎంత దూరపు చుట్టాల పోలికలైనా తెచ్చుకుంటారని ప్రతీతి. మహారాష్ట్రలోని రత్నగిరి జిల్లాలో ఒక బాక్సైట్ గని కోసం పుట్టిన మీ సోదరుడిలో రష్యా గని రిపోర్టులోని పేరాలకు పేరాలు దిగిపోయిన సంగతి అప్పట్లో పత్రికలన్నీ రాశాయి. కొంకణంలో రష్యా అడవి మొలిచిందని జనం నవ్వుకున్నారు. మా సముద్రం దాకా ఇంకా అంత చలి రాలేదు, సంతోషం.

మీ పుట్టుక గురించి 12వ అధ్యాయంలో మీరే ఒప్పుకుంటారు. గుర్తింపు పొందిన కన్సల్టెంట్లు మిమ్మల్ని తయారు చేస్తారు. వాళ్ళకు ఫీజు ఇచ్చేది రేవు కట్టేవాళ్ళే. పెళ్ళికొడుకు గుణగణాలు వాకబు చేయడానికి పెళ్ళికొడుకు తండ్రి దగ్గరే దారిఖర్చులు పుచ్చుకుని బయలుదేరిన పెద్దమనిషి ఏం చెబుతాడో మా ఊళ్ళో చిన్నపిల్లలకు కూడా తెలుసు. అబ్బాయి బంగారం. అప్పుడప్పుడు దగ్గుతాడు, అది తాత్కాలికం.

ఇక ఇసుక సంగతి. మా తూర్పు తీరంలో ఇసుక ఒకచోట నిలవదు. నైరుతి వానల నెలల్లో కెరటాలు దక్షిణం నుంచి ఏటవాలుగా వచ్చి ఒడ్డును కొడుతూ ఇసుకను ఉత్తరానికి తోస్తాయి. చలికాలంలో కొంత వెనక్కి వస్తుంది కానీ, ఏడాది మొత్తం మీద పైచేయి ఉత్తరానిదే. లక్షల ఘనపు మీటర్ల ఇసుక ఇలా నడుస్తూ ఉంటుంది. ఆ నడకకు అడ్డంగా ఒక రాతిగోడ కట్టి, పక్కనే లోతైన కాలువ తవ్వితే ఏమవుతుంది? గోడకు దక్షిణాన ఇసుక మేట వేస్తుంది. గోడ దాటిన ఇసుక కాలువలో పడి ఆగిపోతుంది. కాలువ ఎంత లోతైతే అంత బాగా పట్టుకుంటుంది. దానికోసం ఎదురుచూసే ఉత్తరపు ఒడ్డుకు మిగిలేది ఉప్పునీళ్ళే. ఇదేమీ కొత్తగా కనిపెట్టిన విషయం కాదు. 19వ శతాబ్దంలో మద్రాసు రేవు గోడలు లేచాక దక్షిణాన మెరీనా బీచ్ వెడల్పయింది, ఉత్తరాన రాయపురం వైపు ఒడ్డు కోసుకుపోయింది. సాయంత్రం మెరీనాలో బజ్జీలు తినేవాళ్ళు ఎవరి ఇసుక మీద కూర్చుంటున్నారో రాయపురం వాళ్ళు చెబుతారు.

మరి ఇంత పెద్ద నడకను మీరు ఎప్పుడు కొలుస్తారు? సాధారణంగా ఒకే సీజన్‌లో. అదీ వానాకాలం కాని సీజన్‌లో. సముద్రం పనిలో ఉండే నెలలు వదిలేసి, తీరిగ్గా ఉన్నప్పుడు వచ్చి సీసాలో నీళ్ళు పట్టుకుని పోతారు. ఎంత దూరం కొలుస్తారు? ప్రాజెక్టు చుట్టూ 10 కిలోమీటర్లు. ఆ గీత దగ్గర ఇసుక ఆగి మీ అనుమతి అడుగుతుందా? జీవవైవిధ్య సూచిక మాత్రం రెండు దశాంశాల దాకా ఇస్తారు. పెదనాన్నకు అది చదివి వినిపిస్తే, అంత బాగా లెక్కపెట్టారు కదా, రొయ్యలు ఎక్కడున్నాయో కూడా రాస్తే బాగుండేది అన్నాడు.

మా జిల్లాలో రుషికుల్య నది సముద్రంలో కలిసే మొగ దగ్గర పోడంపేట అని ఊరు ఉండేది. తెలుగు మత్స్యకారుల ఊరే. సముద్రం ఇల్లిల్లూ తినుకుంటూ వచ్చింది, జనం లోపలికి తరలిపోయారు. ఏటి మొగ జరగడం వల్ల అని ఒకరు, తుఫాన్ల వల్ల అని ఒకరు, ఎవరి కారణం వాళ్ళు చెబుతారు. తగువు తీర్చడం నా పని కాదు. ఇలాంటి ఒడ్డు పక్కన ఎక్కడ గడ్డపార వేసినా ముందు అక్కడి ఇసుక లెక్క తేల్చాలి కదా అన్నదే నా గోడు.

అసలు తవ్వకం ఒక్కసారితో పోయేది కూడా కాదు. తవ్విన కాలువ ఏటేటా పూడుతుంది, ఏటేటా తీయాలి. మొదటి పర్యావరణ అనుమతిలోనే ఆ పూడికతీతను, దాని పర్యావరణ నిర్వహణ ప్రణాళికను చేర్చి ఉంటే మళ్ళీ అనుమతి అక్కర్లేదని నిబంధన. అంటే మీరు ఒక్కసారి వచ్చి చుట్టపుచూపు చూసి వెళ్తారు, అడుగు ఇసుక తోడే డ్రెడ్జర్ ఓడ మాత్రం ఇక్కడే కాపురం పెడుతుంది. తీసిన ఇసుకను నడిసముద్రంలో పారబోస్తే ఒడ్డు దాన్ని మళ్ళీ చూడదు. విశాఖలో రేవు దగ్గర చిక్కుకున్న ఇసుకను తీసి రామకృష్ణా బీచ్‌కు పోయడం ఏళ్ళుగా నడుస్తోంది. చేయవచ్చని తెలిసిన పనే. మరి మీ పేజీల్లో ఆ ఖర్చుకు ఎందుకు చోటు దొరకదో.

తాబేళ్ళ విషయంలో మీకూ మాకూ ఒకే దేవుడు. రుషికుల్య మొగలో ఆలివ్ రిడ్లీలు గుంపులుగా గుడ్లు పెడతాయని 1994లో శాస్త్రజ్ఞుల లెక్కల్లోకి ఎక్కింది. 2025లో అయితే దాదాపు 7 లక్షలు వచ్చాయి. వాటి కోసం నవంబర్ 1 నుంచి మే 31 దాకా అక్కడ 20 కిలోమీటర్ల లోపల మరబోట్లతో వేట నిషేధం. ఏడు నెలలు. తిట్టుకుంటాం, కానీ మా ఒడ్డుకు వచ్చిన పురిటాళ్ళు కదా అని ఊరుకుంటాం. రేవు తవ్వే డ్రెడ్జర్ దగ్గరకు వచ్చేసరికి మీ గొంతు ఎంత మెత్తబడుతుందండీ! ‘తగిన జాగ్రత్తలు తీసుకోబడును.’ ఎవరిచేత, ఏ నెలలో? మన ఒడిశాలోనే ధామ్రా రేవు తవ్వినప్పుడు డ్రెడ్జర్ ఇసుక పీల్చే నోటికి తాబేళ్ళను పక్కకు నెట్టే ఇనుప అడ్డు బిగించారు. కాబట్టి మీకు చేతకాదని నేను అనను.

అమెరికాలో సవానా అనే రేవు ఉంది. నది లోపలి ఓడల దారిని 42 అడుగుల నుంచి 47 అడుగులకు దింపడానికి 1999లో చట్టసభ సరే అంటే, పని ముగిసింది 2022లో. లోతు పెరిగితే ఉప్పునీరు నదిలోకి ఎగదన్నుతుందని, నీటిలో ప్రాణవాయువు తగ్గుతుందని అక్కడి మీ బంధువు ముందే రాసిపెట్టాడు. చివరికి నదికి ఆక్సిజన్ ఎక్కించే యంత్రాలు పెట్టాల్సి వచ్చింది. అదంతా మంచిదో చెడ్డదో వాళ్ళు తేల్చుకుంటారు. నష్టం ఉందని కాగితం మీద రాసినా రేవు ఆగిపోలేదన్నది మీరు గమనించాలి. మీకెందుకంత భయం?

రేవు వద్దని మేము అనడం లేదు. మా కుర్రాళ్ళు కొందరు రేవుల్లో కాంట్రాక్టు పని చేస్తున్నారు, జీతం ఒకటో తారీఖున కాకపోయినా వస్తోంది. పెద్ద ఓడకు లోతు కావాలన్న సంగతి సముద్రం మీద బతికేవాళ్ళకు ఇంకొకరు చెప్పక్కర్లేదు. వానాకాలంలో కూడా వచ్చి కొలవండి. ఇసుక ఎంతదాకా వెళ్తే అంతదాకా వెళ్ళండి. తవ్విన ఇసుకను ఒడ్డుకు ఎవరు, ఎవరి ఖర్చుతో తిరిగి చేరుస్తారో రాయండి. మా ఊళ్ళకు తెలుగు సారాంశం ఒకటి అచ్చు వేయించండి. మీ బరువులో దానిదెంత?

ఇట్లు,
మీ పటంలో పేరు పడని ఊరివాడు

తా.క.: మీకు పుట్టుక నియమాలు రాసిన కేంద్ర ప్రభుత్వ 2006 నోటిఫికేషన్ ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణకు 30 రోజుల ముందు ప్రకటన ఇవ్వాలి, ఎంతమంది రావాలన్న కోరం మాత్రం లేదు. అందుకేనేమో ఉదయం 11 గంటలకు పెడతారు. ఆ వేళకు మగవాళ్ళు ఒడ్డున వలలు దులుపుతుంటారు, ఆడవాళ్ళు చేపల బుట్టలతో బరంపురం బజారులో ఉంటారు. ఈసారి సాయంత్రం నాలుగింటికి పెట్టండి. అందరం వస్తాం. టీ ఖర్చు మాది.