నల్ల చతురస్రాన్ని యంత్రమనకండి

న్యూయార్క్‌లోని ఆధునిక కళా ప్రదర్శనశాల మోమాలో, తెల్లటి నేపథ్యం మీద మరో తెల్ల చతురస్రం ఉన్న ‘తెలుపు మీద తెలుపు’ అనే చిత్రం ముందు నిలబడితే మనవాళ్లకు సాధారణంగా తోచే మాటలు రెండు. ఒకటి, ‘దీన్ని మా పిల్లాడూ వేస్తాడు’. రెండోది, ‘ఇదంతా మన శ్రీచక్ర యంత్రంలో ఎప్పుడో ఉంది’. మొదటిదానికి జవాబు చెప్పడం తేలికే. రెండోది పైకి గౌరవంలా వినిపిస్తుంది గానీ అసలు బొమ్మను చూడనివ్వదు. మన గొప్పను మనకే చూపించి ఇంటికి పంపేస్తుంది.

ఆ బొమ్మ వేసిన రష్యా చిత్రకారుడు కజిమిర్ మాలేవిచ్‌దే ‘నల్ల చతురస్రం’. దాన్ని మొదటిసారి 1915 డిసెంబరులో, పెట్రోగ్రాడ్‌లో ‘0,10’ అనే ప్రదర్శనలో పెట్టారు. గోడ మధ్యలో కాదు, రెండు గోడలు కలిసే మూలన, పైకప్పుకు ఆనుకున్నంత ఎత్తున. అప్పటి ఛాయాచిత్రంలో అది స్పష్టంగా కనిపిస్తుంది. రష్యన్ ఆర్థడాక్స్ ఇళ్లలో ఐకాన్లు, అంటే పూజించే పవిత్ర చిత్రాలు, ఉంచేది సరిగ్గా ఆ చోటే. దాన్ని ‘ఎర్ర మూల’ అంటారు. పాత రష్యన్‌లో ఎర్రన అంటే అందమైనదని కూడా అర్థం. మన ఇంట్లో దేవుడి పటాలు తీసేసి ఆ పీఠం మీద ఒక నల్ల పలక పెడితే అమ్మమ్మ గుండెల్లో ఏమవుతుందో, ఆనాటి ప్రేక్షకుడికీ అదే అయింది. ఈ పోలిక ఆ దిగ్భ్రాంతిని అందుకోవడానికి మాత్రమే. 1935లో మాలేవిచ్ చనిపోయినప్పుడు పార్థివదేహం తలవైపు గోడకు వేలాడింది కూడా నల్ల చతురస్రమే.

పూజలో వాడే యంత్రానికీ దీనికీ తేడా ఇక్కడే ఉంది. శ్రీచక్రంలో తొమ్మిది త్రిభుజాలు, పైకి నాలుగు, కిందికి అయిదు. ఏ గీత ఏ గీతను ఎక్కడ దాటాలో ముందే నిర్ణయమై ఉంది. తప్పితే దోషం. నడుమ బిందువుంది, దాని చుట్టూ మంత్రం, ఉపాసన ఉన్నాయి. మాలేవిచ్ బొమ్మలో బిందువు లేదు, విధీ లేదు. 79.5 సెంటీమీటర్ల కాన్వాస్ మీది ఆ ఆకారం నిజానికి కచ్చితమైన చతురస్రం కూడా కాదు. అంచులు చట్రానికి సమాంతరంగా లేవు. ప్రదర్శన కేటలాగులో దాని పేరు ‘చతుర్భుజం’ మాత్రమే. ఆ కొద్దిపాటి వంకర వల్లే నలుపు కదులుతున్నట్టుంటుంది. స్కేలుతో గీస్తే అది టైల్ ముక్క అయిపోయేది.

ఇప్పుడు మాస్కోలోని ట్రెత్యకోవ్ చిత్రశాలలో ఆ నలుపు నిండా పగుళ్లే. కింద వేరే రంగుల చిత్రం ఉండగా, అది పూర్తిగా ఆరకముందే పైన నలుపు పూశాడు. తైలవర్ణంలో కింది పొర ఆరుతూ కదిలితే, పైన గట్టిపడిన పొర దానితో సాగలేక చీలుతుంది. ఆ చీలికల్లోంచి కింది రంగులు తొంగిచూస్తున్నాయి. 2015లో ఎక్స్‌రే పరీక్షల్లో అడుగున ఒకటి కాదు, రెండు బొమ్మలున్నాయని తేలింది. ‘శూన్యం’ అని మనం వేదాంతం చెప్పే చోట నిజానికి ఇంత సందడి ఉంది.

ఇలాంటి నైరూప్య చిత్రకళ మనతో నిజంగా ముడిపడిన దారి వేరే ఉంది. 1875లో న్యూయార్క్‌లో పుట్టిన దివ్యజ్ఞాన సమాజం (థియోసాఫికల్ సొసైటీ) 1882లో మద్రాసు అడయారుకు చేరింది. మదనపల్లెలో కళాశాల పెట్టిన అనీబెసెంటు, ఆ సమాజానికే చెందిన లెడ్‌బీటర్‌తో కలిసి, భక్తి, కోపం, ప్రేమ వంటి భావాలకు రంగులూ ఆకారాలూ ఉంటాయంటూ బొమ్మలతో పుస్తకం తెచ్చింది. చిత్రకారుడు కాండిన్‌స్కీ 1911 చివర్లో వచ్చిన తన పుస్తకంలో ఆ సమాజ స్థాపకుల్లో ఒకరైన బ్లావట్‌స్కీని పేరుపెట్టి ప్రస్తావించాడు. డచ్ చిత్రకారుడు మోండ్రియాన్ 1909లో సమాజ సభ్యుడయ్యాడు. స్వీడన్‌లో చిత్రకారిణి హిల్మా ఆఫ్ క్లింట్ 1907లోనే మూడు మీటర్లు దాటిన ఎత్తున పది బొమ్మలు వేసింది. అయితే ఆ సమాజం అందించినది మన తత్వం ఒక్కటే కాదు. బౌద్ధం, యూరప్ గుప్తవిద్యలు అందులో కలిసిపోయాయి. పైగా సిద్ధాంతాన్ని తు.చ. తప్పక బొమ్మకట్టిన చోట చిత్రం బలహీనపడింది. మోండ్రియాన్ 1911లో వేసిన ‘పరిణామం’లో ముగ్గురు స్త్రీమూర్తులు, త్రిభుజాలు, నక్షత్రాలు పాఠం చెబుతున్నట్టుంటాయి. పదేళ్ల తర్వాత చిహ్నాలన్నీ వదిలి అడ్డంగా, నిలువుగా గీసిన గీతల్లోనే, అంచుకు చేరకముందే ఆగిపోయే ఆ నల్లగీతల్లోనే, నిజమైన ధ్యానం ఉందని నా అభిప్రాయం.

మోమాకు ‘తెలుపు మీద తెలుపు’ చూడటానికి వెళ్తే ఫోన్ జేబులోనే ఉంచండి. కెమెరా రెండు తెలుపుల్నీ సరిచేసి ఒకటి చేసేస్తుంది. ముందు రెండు మీటర్ల దూరం నుంచి, తర్వాత పక్కకు జరిగి ఏటవాలుగా చూడండి. లోపలి చతురస్రంలో కాస్త నీలిచల్లదనం, బయట కాస్త వెచ్చదనం, కుంచె జాడలు అప్పుడు తెలుస్తాయి.

మన వారాంతపు బడి పిల్లల చేత ఇలాంటి తెల్ల బొమ్మ వేయించొచ్చు. 30 సెంటీమీటర్ల చదరపు అట్ట, తెల్ల ఆక్రిలిక్ రంగు చాలు. తెలుపును రెండుగా తీసి, ఒకదాంట్లో బియ్యపుగింజంత ఓకర్ పసుపు, రెండోదాంట్లో అంతకంటే తక్కువ అల్ట్రామెరైన్ నీలం కలపాలి. పసుపు కలిపినది అట్టంతా పూసి పూర్తిగా ఆరనివ్వాలి. తడి మీదే పూస్తే రెండూ కలిసి బూడిదరంగు తేలుతుంది. తర్వాత కుడివైపు పైకి, కొద్దిగా వాల్చి, స్కేలు లేకుండా చతురస్రం వేయించండి. టేపు అంటించి వేస్తే అంచు కోసినట్టు వచ్చి స్టిక్కరులా కనిపిస్తుంది. నీలం ఎక్కువైతే ఆకాశమవుతుంది. తక్కువైతే ఏమీ కనిపించదు. సరిపోయే పాళ్లు దొరకడానికి మూడు నాలుగు అట్టలు పాడవుతాయి, పాడవనివ్వండి.